బిగ్ పిట్ బాయిలోకి దిగే ముందు

మా బాపు సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేసి రిటైరయ్యాడు. తట్టా చెమ్మస్ పని, అంటే పారతో బొగ్గెత్తి తట్టల్లో నింపడం. ఆయన రోజూ దిగిన బాయిని నేను మాత్రం ఏనాడూ గేటు దాటి చూడలేదు. 1952 గనుల చట్టం ప్రకారం ఆడవాళ్లు భూగర్భంలో పనిచేయకూడదని ఉండేది. 2019లో ఆ నిబంధన సడలించి కొన్ని ఉద్యోగాలకు దారి ఇచ్చారు గానీ, అప్పటికి బాపు ఇంటి పట్టున కూర్చున్నాడు, నేను ఇంగ్లండ్‌లో ఉద్యోగంలో ఉన్నాను. చివరికి నేను మొదటిసారి బొగ్గుబాయి దిగింది వేల్స్‌లో. రెండు నెలలు నా దగ్గర ఉందామని వచ్చిన బాపు నా పక్కనే ఉన్నాడు.

అక్కడికి వెళ్లాలనుకునే మనవాళ్లు ఈ మధ్య నన్ను అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు, మేం చేసిన తప్పులతో సహా ఇక్కడ రాసేస్తున్నాను. ఒక్క మాట: మా వైపు గనిని బాయి అనే అంటాం. రాసేటప్పుడు కూడా నాకు అదే వస్తుంది.

దక్షిణ వేల్స్‌లో బ్లైనావన్ అనే చిన్న ఊరు. దాని అంచున కొండ వాలు మీద ఉంటుంది బిగ్ పిట్. వేల్ష్ భాషలో పుల్ మౌర్ అంటారు. మన మాటలో చెప్పాలంటే అచ్చంగా పెద్దబాయి. షాఫ్ట్, అంటే కిందికి దిగే నిలువు గొయ్యి, 1860 ప్రాంతం నాటిది. గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో, 18 అడుగులకు 13 అడుగుల కొలతతో తవ్వారు. రెండు బొగ్గు టబ్బులు, అంటే పట్టాల మీద నడిచే బొగ్గు తొట్లు, పక్కపక్కన పట్టేంత వెడల్పు. పెద్దబాయి అన్న పేరు అందుకే. 1923లో ఇక్కడ 1,399 మంది పనిచేసేవాళ్లు. 1947లో బ్రిటన్ బొగ్గుగనులతోపాటు ఇదీ ప్రభుత్వ చేతిలోకి వెళ్లింది. 1980 ఫిబ్రవరి 2న మూతపడింది. మూడేళ్లకు, 1983లో, సందర్శకుల కోసం మళ్లీ తెరిచారు. ఇప్పుడు వేల్స్ జాతీయ మ్యూజియం నడుపుతోంది. బాయితో పాటు చుట్టుపక్కల పాత పారిశ్రామిక ప్రాంతమంతటికీ 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది.

వెళ్లడం

లండన్ నుంచి అయితే పాడింగ్టన్ స్టేషన్‌లో రైలెక్కి న్యూపోర్ట్‌లో దిగాలి. అక్కణ్ణుంచి బ్లైనావన్‌కి బస్సు. బస్సు దిగాక బాయి దాకా ఎక్కుడు దారి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి కష్టం. కారుంటే సుఖం. మ్యూజియం ప్రవేశం ఉచితం. కిందికి దిగే టూర్ సమయాలు, బుకింగ్, ఛార్జీ లాంటివి మాత్రం బయల్దేరే ముందు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకోండి. పొద్దున్నే చేరుకోండి. మధ్యాహ్నానికి స్కూలు పిల్లల బస్సులు దిగితే కేజ్ (మనుషుల్ని కిందికి దింపే ఇనుప పెట్టె) దగ్గర లైను పెరుగుతుంది. కొండ మీద వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం కాబట్టి రెయిన్ కోటు తప్పనిసరి.

ఎత్తు ఒక మీటరు దాటని పిల్లల్ని కిందికి పంపరు. అలాంటి బుజ్జాయి ఉంటే ఇంట్లోవాళ్లు వంతులవారీగా దిగాలి. చక్రాల కుర్చీ అవసరమైతే ముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి. ఇరుకు చోటంటే భయపడేవాళ్లు మొహమాటానికి దిగొద్దు. పైనే బొగ్గు తవ్వే పద్ధతులన్నీ శబ్దాలతో సహా చూపించే గ్యాలరీలున్నాయి, వాటితో చాలావరకు తెలుస్తుంది.

జేబులు

ఇది మాత్రం శ్రద్ధగా చదవండి.

బ్యాటరీతో నడిచేదీ, నిప్పు పుట్టించేదీ ఏదీ కిందికి తీసుకెళ్లనివ్వరు. ఫోన్, కెమెరా, స్మార్ట్ వాచీ, చేతికి పెట్టుకునే మామూలు బ్యాటరీ వాచీ, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌బడ్స్, కారు రిమోట్ తాళం, లైటరు, అగ్గిపెట్టె, ఈ-సిగరెట్, అన్నీ పైనే అప్పగించాలి. ఇది మ్యూజియం పెట్టుకున్న ఫ్యాషన్ రూలు కాదు. ఇక్కడ బొగ్గు తవ్వడం ఆగిపోయినా, చట్టం దృష్టిలో ఇప్పటికీ గనే. బొగ్గు పొరల్లోంచి మీథేన్ వాయువు ఊరుతూ ఉంటుంది. గాల్లో అది సుమారు 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వ తగిలినా పేలుతుంది. ఇదే దక్షిణ వేల్స్‌లో సెంఘెనిద్ అనే చోట 1913 అక్టోబర్ 14న జరిగిన పేలుడులో 439 మంది కార్మికులు, కాపాడటానికి వెళ్లిన ఇంకొకాయన చనిపోయారు. బ్రిటన్ గనుల చరిత్రలో అంతకు మించిన ప్రమాదం లేదు. ఆ లెక్క తెలిశాక జేబులు తడుముకోవడానికి ఎవరూ విసుక్కోరు.

అయినా నేను తప్పు చేశాను. ఫోన్ ఇచ్చాను, తాళాలు ఇచ్చాను, చాలా బుద్ధిమంతురాలినని అనుకున్నాను. గైడు రెండోసారి, మూడోసారి అడిగాడు: ఇంకేమైనా ఉన్నాయా అని. లేవన్నాను. కేజ్ దాకా వచ్చాక స్వెట్టర్ చేతి కింద ఏదో గుర్రుగుర్రుమంది. అడుగులు లెక్కపెట్టే బ్యాండు! అది చేతికి ఉందన్న సంగతే మర్చిపోయాను. మొత్తం గుంపుని ఆపి, నేనొక్కదాన్ని వెనక్కి నడిచి అప్పగించి వచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు గానీ, బాపు చూసిన చూపు చాలు.

ఆయన దగ్గర అప్పగించడానికి ఏమీ లేదు. వాచీ పొద్దున ఇంట్లోనే తీసి పెట్టేశాడట. గైడు ఎదురుగా నిలబడగానే, ఎవరూ అడగకముందే, రెండు చేతులూ పక్కలకి చాపి నిలుచున్నాడు. బాయి మూతి దగ్గర బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని తడిమి చూసేవాళ్లకి ఇన్నేళ్లు అలా నిలబడిన అలవాటు. గైడుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత నవ్వి, తనూ అలాగే చేతులు చాపి చూపించాడు. ఇద్దరి మధ్య పరిచయం అక్కడే అయిపోయింది, నా దుబాసీతనం లేకుండానే.

వినికిడి యంత్రం, ఒంట్లో పేస్‌మేకర్ లాంటివి ఉన్నవాళ్లు ముందురోజే ఫోన్ చేసి అడగండి. అక్కడ లైనులో నిలబడి అడిగితే మీకూ వాళ్లకూ టెన్షన్. ఫొటోలు ఎలాగూ ఉండవు కాబట్టి ఆ ఆశ ముందే వదిలేయండి. కేజ్, ఇనుప చట్రం, పెద్ద చక్రం ఇవన్నీ పైనుంచే తీసుకోవచ్చు.

బట్టలూ, నడుం బెల్టూ

వేసవిలో వెళ్లినా కింద చలిగా ఉంటుంది. బాపుకి ఇదే మొదటి ఆశ్చర్యం. ఆయన ఎరిగిన బాయి అంటే చెమట. ఇక్కడ స్వెట్టర్ వేసుకుని దిగాల్సొచ్చింది. నేల ఎగుడుదిగుడు, తడి, మధ్యలో పాత పట్టాలు. కాబట్టి పట్టున్న బూట్లు వేసుకోండి. చెప్పులు, శాండిల్స్, హీల్స్ వద్దు. ఆడవాళ్లకు ఇంకో రెండు మాటలు. చున్నీ పైనే వదిలేయండి, చీరైతే ఆ రోజుకి మానుకోండి. జుట్టు నడినెత్తిన ముడి వేసుకుంటే హెల్మెట్ కూర్చోదు. మెడ దగ్గర కిందికి జడ వేసుకోండి.

లాంప్ రూమ్‌లో హెల్మెట్, దానికి తగిలించే దీపం, నడుముకి బెల్టు, బెల్టుకి బ్యాటరీ, ఒక లోహపు డబ్బా ఇస్తారు. అన్నీ కలిపి 5 కిలోల బరువు. ఆ డబ్బా పేరు సెల్ఫ్ రెస్క్యూయర్. కింద గాలి విషమైతే అది నోట్లో పెట్టుకుని పీల్చుకోవాలి. గాలిని వడగట్టి ఇస్తుంది, ఇంచుమించు గంటసేపు పనిచేస్తుంది. ఎలా తెరవాలో గైడు చెప్పేటప్పుడు పక్కవాళ్లతో కబుర్లు పెట్టుకోకండి. బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఆనేలా బిగించండి. నేను చీర కుచ్చిళ్లు దోపుకునే ఎత్తులో కట్టుకున్నాను, పది నిమిషాలకే జారడం మొదలైంది. బాపు ఆగి, రెండు చేతులతో కిందికి లాగి, ఒక్క రంధ్రం బిగించాడు. చిన్నప్పుడు స్కూలు బెల్టు పెట్టినట్టే.

కేజ్

కిందికి 90 మీటర్లు. బొగ్గు మోసిన కేజ్‌లోనే మనుషుల్ని దింపుతారు. ఇనుప పెట్టె, పక్కలకి జాలీ, తల మీద నీటి చుక్కలు. దిగేటప్పుడు కడుపులో చిన్న జలదరింపు, చెవుల్లో గాలి. కళ్లు మూసుకోకండి. షాఫ్ట్ గోడ రాళ్లు దీపం వెలుగులో పైకి పరుగెత్తడం చూడాల్సిందే.

బాపు నా భుజం గట్టిగా పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు బాయి దిగినోడికి భయమేంటని నవ్వాను. "మాది ఇంక్లైన్ బాయి బిడ్డా," అన్నాడు. "కాళ్లతోని నడ్సుకుంట పోయినం. గిట్ల తాడుకు ఏలాడలే." ఇంక్లైన్ అంటే ఏటవాలుగా భూమిలోకి వెళ్లే సొరంగం. నిలువునా దిగే బాయి ఆయనకీ కొత్తే. అంటే ఆ కేజ్‌లో ఇద్దరం మొదటిసారి దిగేవాళ్లమే.

కింద

టూర్ 50 నిమిషాలు. గైడు వెనకాలే, మొదటి ముగ్గురిలో నడవండి. సొరంగం సన్నగా ఉంటుంది, గుంపు తోకలా సాగిపోతుంది, చివర ఉన్నవాళ్లకి సగం మాటలు వినపడవు. పిల్లలుంటే వాళ్లనే ముందు పెట్టి మీరు వెనక నిలబడండి. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు తల కాస్త పక్కకి తిప్పండి, లేకపోతే మీ దీపం నేరుగా వాళ్ల కళ్లలో పడుతుంది. ఈ మర్యాద నాకు బాపు నేర్పాడు. ఇంట్లో ఆయన మాట్లాడేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోవడం చూసి అమ్మ "నన్ను జూసి మాట్లాడవేంది" అని ఎన్నిసార్లు అందో. కారణం ఇప్పుడు తెలిసింది.

కప్పు తక్కువగా ఉన్నచోట నడుం వంచడం కాదు, మోకాళ్లు వంచి నడవండి. నడుం వంచితే చూపు నేల మీదే ఉంటుంది, ముందున్న దూలం కనపడదు, హెల్మెట్ టంగుమంటుంది. మొదటి పావుగంట మా గుంపులో ఆ టంగులు ఆగలేదు. ఒక్క బాపు హెల్మెట్టే మోగలేదు.

ఒకచోట కప్పుకి ఇనుప కమానులు, ఇంకోచోట పాత కర్ర గుంజలు కనిపిస్తాయి. తేడా ఏంటని గైడుని అడగండి. కర్ర విరిగే ముందు పటపటమని చప్పుడు చేస్తుంది, అది విని మనుషులు పారిపోవచ్చు, అందుకే పాతకాలం వాళ్లకి కర్రంటేనే నమ్మకం. గైడు ఇది చెబుతుండగానే, ఇంగ్లిష్ అర్థమైందో లేదో, బాపు నా చెవిలో "కర్ర మాట్లాడతది, ఇనుము మాట్లాడది" అన్నాడు. తర్వాత గైడు తన చేతికర్రతో కప్పుని రెండుసార్లు కొట్టాడు. గట్టి బండ అయితే ఖంగుమంటుంది, పొర వీడి ఉంటే డొల్లగా మోగుతుంది. బాపు చెయ్యి చాపాడు. గైడు కర్ర ఇచ్చేశాడు. బాపు తల వంచి, చెవి పైకి పెట్టి, మూడుచోట్ల తట్టాడు. మొదటి రెండుచోట్ల తల ఊపాడు. మూడోచోట ఆగి మళ్లీ తట్టి, పెదవి విరిచి, అక్కడ నిలబడొద్దన్నట్టు నన్ను మోచేత్తో పక్కకి జరిపాడు. గైడు పగలబడి నవ్వి, కర్ర తిరిగి తీసుకుంటూ ఆయన భుజం తట్టాడు. వేల్స్ బాయిల్లో తోటి కార్మికుణ్ణి బట్టీ అంటారు. ఆ తర్వాత టూర్ అంతా బాపు ఆయనకి బట్టీయే.

ఇక్కడి గైడులు బాయి పని చేసి వచ్చినవాళ్లు. ఈ టూర్ విలువంతా అదే. కాబట్టి దెయ్యాలున్నాయా లాంటి ప్రశ్నలతో టైము పాడు చేయకండి. ఏ బాయిలో పనిచేశారు, మొదటి రోజు ఏం పని ఇచ్చారు, తిండి ఎక్కడ పెట్టుకునేవారు అని అడగండి. తిండి గురించి అడిగితే మాకు టామీ బాక్స్ సంగతి తెలిసింది. రొట్టె ముక్క ఆకారంలో ఉండే రేకు డబ్బా. ఎలుకలు కొరక్కుండా ఉండాలని రేకుతో చేసేవాళ్లు. బ్రిటన్‌లో బాగా లోతైన బొగ్గుబాయిల్లో చివరిది, కెల్లింగ్లీ, 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఇక కొత్తగా ఆ పని నేర్చుకుని వచ్చేవాళ్లు దాదాపు లేరు. వెళ్లాలనుకుంటే ఎప్పుడో కాదు, త్వరలో వెళ్లండి.

దారిలో బరువైన చెక్క తలుపులు వస్తాయి. గాలి ఎటు పోవాలో అటు పోయేలా మళ్లించడానికి అవి. పూర్వం ఆ తలుపుల దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్లు. టబ్బు వస్తున్న చప్పుడు వింటే తాడు లాగి తెరవాలి, పోగానే మూయాలి. రోజంతా అదే పని, చీకట్లో. 1842లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసి పదేళ్లలోపు మగపిల్లల్నీ, ఆడవాళ్లందర్నీ భూగర్భ పని నుంచి తప్పించింది.

అక్కడే గైడు అందర్నీ దీపాలు ఆర్పమంటాడు. పిల్లలకి ముందే చెప్పి, చెయ్యి పట్టుకోండి. కరెంటు పోయినప్పటి చీకటిని మనం చీకటి అనుకుంటాం గానీ, అందులో ఎక్కడో ఒక వెలుగుచార ఉంటుంది. ఇక్కడ ఏమీ లేదు. చెయ్యి కళ్ల ముందు ఊపాను, ఊపానన్న సంగతి భుజానికి తెలుసు, కళ్లకి తెలియదు. నీటి చుక్క పడే శబ్దం ఒక్కటే. అంతసేపూ నా పక్కన బాపు ఊపిరి మాత్రం మామూలుగానే ఉంది.

తర్వాత గుర్రాల కొట్టాలు. భూమి లోపలే. రాళ్లతో కట్టిన గడులు, వాటిమీద గుర్రాల పేర్లు. బొగ్గు టబ్బులు లాగడానికి వాటిని కిందే పెంచేవాళ్లు. ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడండి, గైడు తొందరపెట్టడు.

పైకొచ్చాక

కేజ్ ఎక్కి బయటికి రాగానే వెలుగు కళ్లలో పొడుస్తుంది. వెంటనే పరుగెత్తకండి, ఒక్క నిమిషం ఆగండి. దీపం, బెల్టు అప్పగించి మీ వస్తువులు తీసుకోండి. నా బ్యాండు ఇచ్చేటప్పుడు అక్కడివాళ్లు కొంచెం ఎక్కువే నవ్వారు.

చాలామంది ఇంతటితో కారెక్కేస్తారు. కొండ మీదికి నడిచి స్నానాల గది కూడా చూడండి. 1939లో కట్టింది. ఒకవైపు మసి బట్టల లాకర్లు, ఇంకోవైపు శుభ్రమైన బట్టల లాకర్లు, మధ్యలో వరసగా షవర్లు. అది రాకముందు బొగ్గు మనిషి మసితోనే ఇంటికెళ్లి, పొయ్యి ముందు రేకు తొట్టిలో స్నానం చేసేవాడు, నీళ్లు కాచి పోసేది ఆడవాళ్లు. బాపు ఒక్కో షవర్ పైపు ముట్టుకుంటూ పోయాడు. నాకు మా అమ్మ పెరట్లో గాబు దగ్గర గుర్తొచ్చింది. కేజ్‌ని నడిపే ఇంజన్ గది కూడా చూడొచ్చు, 1953లో ఆవిరి యంత్రం తీసి కరెంటుది పెట్టారు. క్యాంటీన్లో టీ తాగండి. ఇంకా ఓపికుంటే ఊళ్లోనే 1789 నాటి ఇనుప కొలిమిలున్నాయి. మాకు ఓపిక లేదు.

తిరుగు బస్సు టైము పొద్దున్నే రాసి పెట్టుకోండి. మేం పెట్టుకోలేదు. పైగా సన్నటి వాన. స్టాపులో చాలాసేపు కూర్చున్నాం. గైడుని అడుగుదామని కాగితం మీద రాసుకున్న ప్రశ్నల్లో ఒకటి మిగిలిపోయింది. అది బాపునే అడిగాను. లోపల ఒక్కడివే ఉన్నప్పుడు దీపం ఆరిపోతే ఏం చేసేవాడివి?

"ఏం జేస్తం," అన్నాడు. "కూసునేది. ఇంకొకడు లైటు పట్టుకుని వచ్చేదాక కూసునేది."

"భయం కాకపోయేదా?"

"పాట పాడుకునేది," అని బస్సు వస్తోందేమో చూడమన్నాడు.